సముద్రంలో పుట్టి కనుమపై కురిసిన మంచు

విశాఖను కూల్చిన గాలివాన రెండు రోజులు తిరగకముందే హిమాలయాలలో మృత్యువై దిగింది. అది వస్తున్నదన్న కబురు గాలివానకన్న ముందే బయలుదేరింది. కాని కొండ ఎక్కలేకపోయింది.

నేపాల్ దేశపు నడిభాగంలో, అన్నపూర్ణ పర్వతశ్రేణికి ఉత్తరాన, థొరాంగ్ అనే కనుమ ఉన్నది. సముద్రమట్టానికి దాని ఎత్తు 5,416 మీటర్లు. ఆంధ్రదేశంలోని ఏ కొండా 1,700 మీటర్లకు మించదు. అట్టి కొండలు మూడింటిని ఒకదానిపై ఒకటి నిలబెట్టినా ఈ కనుమ ఎత్తుకు చాలవు. అక్కడ చెట్టు లేదు, చేమ లేదు. రాళ్ళు, వాటి మధ్య చలికి బిగిసిన మట్టి, గాలికి రెపరెపలాడే రంగురంగుల బౌద్ధ ప్రార్థనా పతాకలు, ప్రయాణికులకు టీ కాచి ఇచ్చే రాతికొట్టు ఒకటి - ఇంతే ఆ చోటి ఐశ్వర్యం. తీరప్రాంతంలో మనం పీల్చే గాలి సాంద్రతలో సగానికి కొద్దిగా మించి మాత్రమే అక్కడి గాలికి ఉంటుంది. పది అడుగులు వేసి ఆగడం, ఊపిరి కూడదీసుకొని మరి పది అడుగులు వేయడం, ఇదే అక్కడి నడక.

అయినా ఏటా వేలాదిమంది ఈ కనుమను దాటుతారు. తూర్పున ఉన్నది మానాంగ్ లోయ. పడమట ఉన్నది ముక్తినాథ్ క్షేత్రం. ఈ రెంటినీ కలిపే పాతదారి ఇదే. యాక్ మందలను తోలుకొనిపోయే కాపరులు, ఉప్పు, ధాన్యం మార్చుకొనే వర్తకులు ఒకనాడు నడచిన ఈ బాటలో నేడు దేశదేశాల పాదచారులు నడుస్తున్నారు. అన్నపూర్ణ ప్రదక్షిణ మార్గమని దీనికి ప్రపంచమంతటా పేరు.

లోయ వెంట పైకి

ఈ యాత్ర లామ్‌జుంగ్ జిల్లాలోని బేసీసహర్ వద్ద మొదలవుతుంది. అక్కడి ఎత్తు వేయి మీటర్లకు లోపే. వరిమళ్ళు, అరటితోటలు, ఉక్కపోత చూస్తే గోదావరి జిల్లాల పల్లెలు గుర్తుకు వస్తాయి. మర్స్యాంగ్దీ నది ఒడ్డునే దారి పైకి సాగుతుంది. రోజులు గడిచిన కొద్దీ వరి పోయి మొక్కజొన్న వస్తుంది. మొక్కజొన్న పోయి బార్లీ వస్తుంది. అడవి దేవదారు జాతి చెట్లకు మారి, చివరకు అదీ పలచబడి, గడ్డీ ముళ్ళపొదలూ మిగులుతాయి. చామె దాటి, పిసాంగ్ దాటి, మానాంగ్ చేరేసరికి ఎత్తు 3,500 మీటర్లు దాటుతుంది. ఈనాడు మానాంగ్ వరకు జీపులు పోయే దారి పడింది గాని, తెలిసినవారు నడిచే వస్తారు. ఎత్తుకు శరీరం అలవాటు పడవలెనంటే కాలమే మందు. మానాంగ్‌లో ఒక దినమైనా ఊరక ఆగి, ఆపై రోజుకు కొద్ది ఎత్తు మాత్రమే ఎక్కాలన్నది అందరూ పాటించే నియమం. ఎత్తువల్ల వచ్చే జబ్బును గురించి అక్కడి చికిత్సాకేంద్రపు వైద్యులు యాత్రాకాలంలో ప్రయాణికులను కూర్చోబెట్టి చెబుతారు. ప్రాణవాయువు కొరత మనిషిని ఎట్లా మాయచేస్తుందో విన్నవారు ఆ రాత్రి కాస్త ఆలోచనలో పడతారు.

మానాంగ్ తరువాత యాక్ ఖర్కా. దాని తరువాత కనుమ పాదాన ఉన్న థొరాంగ్ ఫేదీ. అక్కడినుంచి కనుమ దాటడం ఒకే దినపు పని. సుమారు తొమ్మిదివందల మీటర్లు ఎక్కి, పదహారువందల మీటర్లు దిగాలి. పొద్దెక్కితే కనుమపై గాలి విజృంభిస్తుంది గనుక తెల్లవారుజామున నాలుగు గంటలకే దీపాలు పట్టుకొని బయలుదేరుతారు.

ఈ ప్రదేశపు వాతావరణంలో ఒక విచిత్రం ఉన్నది. అన్నపూర్ణకు దక్షిణాన, పొఖరా పట్టణానికి సమీపంలో లుమ్లే అనే ఊరున్నది. అక్కడ ఏటా ఐదువేల మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. అదే పర్వతశ్రేణికి అవతల, ఉత్తరాన ఉన్న జోమ్‌సోమ్‌లో మూడువందల మిల్లీమీటర్లయినా పడదు. ఎనిమిది వేల మీటర్ల ఎత్తైన గోడ బంగాళాఖాతపు మేఘాలను దక్షిణ ముఖానే పిండివేస్తుంది. ఉత్తర ముఖానికి మిగిలేది పొడిగాలి. మానాంగ్, ముక్తినాథ్ రెండూ ఈ వర్షచ్ఛాయలోనివే. ఋతుపవనాలు వెనుదిరిగే అక్టోబరు నెలలో అక్కడి ఆకాశం కడిగిన అద్దంలా ఉంటుంది. అందుకే యాత్రికులు ఆ నెలను ఎంచుకుంటారు. నిశ్చింతగా నడిచే నెల అని పుస్తకాలన్నీ చెబుతాయి.

2014 అక్టోబరులో కూడా అట్లాగే చెప్పాయి.

అండమానులో పుట్టినది

ఆ నెల 7వ తేదీన ఉత్తర అండమాన్ సముద్రంలో ఒక వాయుగుండం ఏర్పడింది. మరునాటికి అది తుఫానుగా మారి అండమాన్ దీవులను దాటి బంగాళాఖాతంలో ప్రవేశించింది. ఒమాన్ దేశం సూచించిన పేరు దానికి వచ్చింది - హుద్‌హుద్. తలపై కుచ్చుతో ముచ్చటగా కనిపించే ఒక చిన్న పక్షి పేరది. పేరులోని ముచ్చట గాలిలో లేదు. అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం అది విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల వేగానికి చేరిన గాలి ఒక మహానగరాన్ని నేరుగా తాకింది. వేల సంఖ్యలో చెట్లు కూలాయి. విమానాశ్రయపు పైకప్పు చిరిగిపోయింది. విద్యుత్తు లేదు, నీరు లేదు, టెలిఫోను లేదు. పచ్చని కైలాసగిరి ఒక్కరోజులో మోడై నిలిచింది. ఆ దినాన్ని విశాఖవాసులు ఈనాటికీ కంపించే గొంతుతోనే చెబుతారు.

అయితే ఒక మాట చెప్పవలసి ఉన్నది. అంతటి గాలివానకు ప్రాణనష్టం జరగకపోలేదు. కాని 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలకు వేల శవాలు తేలిన దృశ్యంతో దానికి పోలిక లేదు. హుద్‌హుద్ ఎక్కడ, ఎప్పుడు తీరం దాటుతుందో వాతావరణశాఖ రోజుల ముందే చెప్పింది. చెప్పిన మాట కలెక్టరు కార్యాలయానికి, అక్కడినుంచి మండలానికి, అక్కడినుంచి మత్స్యకారుల పేటకు చేరింది. పడవలు ఒడ్డుకు వచ్చాయి. లక్షలాది జనాన్ని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. దివిసీమ నేర్పిన పాఠం అది. సూచన వేరు, హెచ్చరిక వేరు. గాలి ఎటు పోతున్నదో చెప్పేది సూచన. ఆ దారిలో నిలబడిన మనిషి భుజం తట్టి 'లే, కదులు' అనేది హెచ్చరిక. మొదటిదానిని రెండవదానిగా మార్చడం తీరప్రాంతం ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకున్నది.

ఉత్తరానికి ప్రయాణం

తీరం దాటిన తుఫాను అంతటితో మనకు వార్త కాకుండా పోతుంది. నీటి ఆవిరి అందక గాలి వేగం తగ్గుతుంది. తుఫాను వాయుగుండమై, వాయుగుండం అల్పపీడనమై, పత్రికల మొదటి పుటనుంచి జారిపోతుంది. కాని అది సముద్రం నుంచి మోసుకొని వచ్చిన తేమ మాత్రం ఎక్కడికీ పోదు. ఆకాశంలోనే ఉంటుంది, కురిసేందుకు చోటు వెతుక్కుంటూ.

పటం తెరచి విశాఖపట్నం నుంచి నిటారుగా ఉత్తరానికి ఒక గీత గీయండి. అది ఛత్తీస్‌గఢ్ అడవులను, ఉత్తరప్రదేశ్ మైదానాలను దాటి ఇంచుమించు థొరాంగ్ కనుమ దాపునకు పోతుంది. రెండు చోట్లకూ రేఖాంశంలో తేడా ఒక డిగ్రీ కూడా లేదు. మధ్యనున్న దూరం సుమారు 1,230 కిలోమీటర్లు. హుద్‌హుద్ మొదట వాయవ్యానికి సాగి ఛత్తీస్‌గఢ్ చేరింది. అదే సమయానికి పశ్చిమాన, భూమికి చాలా ఎత్తున వీచే పడమటి గాలులలో ఒక ద్రోణి ఏర్పడి తూర్పుగా జరుగుతున్నది. చలికాలంలో కాశ్మీరుకు, హిమాచలానికి మంచు తెచ్చేది ఈ జాతి ద్రోణులే. ఆ ద్రోణి ముందుభాగంలోని గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి వీస్తుంది. హుద్‌హుద్ శేషం ఆ ప్రవాహంలో చిక్కుకున్నది. దానిని ఆ గాలి ఉత్తరానికి ఈడ్చుకొనిపోయి హిమాలయాల ముఖానికి కొట్టింది.

తరువాత జరిగినది భౌతికశాస్త్రపు సామాన్య సూత్రం. పైకి పోయిన గాలి చల్లబడుతుంది. సగటున వేయి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. విశాఖ ఒడ్డున 28 డిగ్రీలున్ననాడు 5,400 మీటర్ల ఎత్తున సున్నాకు ఏడు డిగ్రీల దిగువన ఉంటుంది. చల్లబడిన గాలి తనలోని తేమను పట్టి ఉంచలేదు. పొఖరాలో అది వానగా జారితే, కనుమపై మంచుగా రాలుతుంది. ఇక కొలత సంగతి. ఒక సెంటీమీటరు వాన నీటికి సుమారు పది సెంటీమీటర్ల మంచు అవుతుంది. మైదానంలో ఒక పూటకు పది సెంటీమీటర్ల వాన పడితే కాలువలు నిండుతాయి, పొలాలు మునుగుతాయి, మరునాటికి తీస్తుంది. అదే నీరు కనుమపై పడితే ఒక మీటరు ఎత్తు మంచు. నడుము లోతు మంచులో మనిషి గంటకు వంద మీటర్లు కూడా నడవలేడు.

అక్టోబరు 14

13వ తేదీ రాత్రి థొరాంగ్ ఫేదీలో, దానికి పైనున్న బసలో మంచు మొదలయింది. అప్పటికి మార్గమంతా యాత్రికులతో కిక్కిరిసి ఉన్నది. దసరా ముగిసింది, దీపావళికి ఇంకా వారం ఉన్నది. ఏడాదిలో అన్నిటికన్న రద్దీ రోజులవి. 14వ తేదీ మంగళవారం తెల్లవారక ముందే లేచినవారు చిన్నగా రాలుతున్న మంచును చూశారు. కొండలలో అది వింత కాదు. పొద్దెక్కేసరికి తేలిపోతుందనుకున్నవారు బయలుదేరారు. చాలామందికి ముందు రోజులలోని నిర్మలాకాశమే కళ్ళలో ఉన్నది.

కొన్ని గంటలలో ఆకాశానికి, నేలకు తేడా లేకుండా పోయింది. గాలి మంచును చిమ్ముతూ ఉంటే ముందున్న మనిషి కనిపించని తెల్లని చీకటి. వెనుకటి అడుగుజాడలు నిమిషాలలో పూడిపోయాయి. కనుమ వద్దనున్న రాతికొట్టులో ఒకరిపై ఒకరు పడి ఎందరో తలదాచుకున్నారు. అక్కడే రాత్రి గడపడమా, చీకటి పడకముందే ముక్తినాథ్ వైపు దిగిపోవడమా అన్న ప్రశ్న వచ్చింది. కొందరు దిగారు. అట్లా దిగినవారిలో పలువురు దారి తప్పి, మంచులో కూరుకొనిపోయి, చలికి బిగిసి ప్రాణాలు విడిచారు. మంచుచరియలు ఇతర లోయలలోనూ మనుషులను కప్పివేశాయి. నేపాల్ సైన్యపు హెలికాప్టర్లు, స్థానికులు కలిసి వందలాదిమందిని రక్షించారు. అయినా నలభై మందికి పైగా మరణించారు. నేపాల్ పాదయాత్రల చరిత్రలో అంతటి ఘోరం అంతకుముందు జరగలేదు.

చనిపోయినవారిలో ఇజ్రాయెల్, కెనడా, పోలండ్, స్లొవేకియా దేశీయులున్నారు, భారతీయులున్నారు. వారి పేర్లు ప్రపంచ పత్రికలలో వచ్చాయి. వారితోపాటు పోయిన నేపాలీలు, దారిచూపేవారు, బరువులు మోసేవారు, యాక్ కాపరులు, అన్ని పత్రికలకూ ఎక్కలేదు. పరాయివారి పెట్టెలు మోసి పొట్టపోసుకొనే మనిషికి ఆనాడు ఆగే స్వేచ్ఛ ఎంత ఉన్నదన్నది ఆలోచించవలసిన విషయం. మంచిబూట్లు, వెచ్చని కోటు కూడా అందరికీ ఉండవు. దొర బయలుదేరితే కూలీ బయలుదేరాలి.

కబురు ఎక్కడ ఆగింది?

ఈ గాలివాన ఎవరికీ తెలియకుండా రాలేదు. తీరం దాటిన పిదప హుద్‌హుద్ ఉత్తరానికి మళ్ళుతుందని, ఆ దారిలో భారీ వర్షాలు కురుస్తాయని మన వాతావరణశాఖ చెబుతూనే ఉన్నది. నేపాల్ వాతావరణశాఖకూ తెలుసు. కాఠ్‌మాండూ పత్రికలు హుద్‌హుద్ ప్రభావాన్ని గురించి వ్రాశాయి. కాని కాఠ్‌మాండూలో అచ్చయిన వార్త థొరాంగ్ ఫేదీలోని వంటింటికి చేరడానికి ఆ రోజులలో ఏర్పాటంటూ ఏదీ లేదు. చేరినా, 'దేశంలో పలుచోట్ల వర్షం' అన్న మాటలో 'కనుమపై మీటరు మంచు' అన్న అర్థం దాగి ఉన్నదని విడమరచి చెప్పేవారు లేరు. వరి కోతలలో ఉన్న రైతుకు ఆ సూచన పనికి వచ్చి ఉండవచ్చు. కొండపై ఉన్నవానికి అది మరొక భాషలోని మాట.

ఇంకొక కారణం మనసుకు సంబంధించినది. తుఫాను సముద్రపు వస్తువు. ఉత్తర హిందూమహాసముద్రపు తుఫానులకు పేర్లు సూచించే దేశాలు నేడు పదమూడు. వాటిలో నేపాల్ లేదు. తీరమే లేని దేశానికి ఆ పట్టికలో పని ఏమిటి? విశాఖ పేరు విన్న మానాంగ్ వాసికి అది తన సంగతి అనిపించదు. థొరాంగ్ పేరు విన్న విశాఖవాసికీ అంతే. కాని ఆకాశంలో సరిహద్దులు లేవు. బంగాళాఖాతానికి, హిమాలయానికి మధ్య ఉన్నది రెండు రోజుల ప్రయాణం మాత్రమే.

ఇది మొదటిసారీ కాదు. 1995 నవంబరు 9న ఒడిశాలోని గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన తుఫాను మరునాటికే ఎవరెస్టు ప్రాంతానికి అకాలపు మంచు తెచ్చింది. గోక్యో లోయలో మంచుచరియ ఒక విడిదిపై పడి 13 మంది జపాన్ యాత్రికులను, వారి వెంట ఉన్న 11 మంది నేపాలీలను బలిగొన్నది. 2013 అక్టోబరు 12న అదే గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన ఫైలిన్ శేషం కూడా హిమాలయాలలో మంచు కురిపించింది. సరిగా ఏడాది తరువాత, అదే తేదీన, హుద్‌హుద్ వచ్చింది. మన దేశంలోనూ ఇటువంటి చేదు జ్ఞాపకం ఉన్నది: 1996 ఆగస్టులో అమరనాథ్ యాత్రాకాలంలో ఎడతెగని వాన, మంచు విరుచుకుపడి 240 మందికి పైగా భక్తులు దారిలోనే మరణించారు. వేసవి యాత్ర అని పలుచని బట్టలతో వచ్చినవారు వారిలో ఎందరో.

ఆకాశాన్ని చదవడం

కొండజనానికి తమ శాస్త్రం తమకున్నది. ఎత్తున ఈకలవంటి మేఘాలు పడమటినుంచి పరచుకొని రావడం, సూర్యుని చుట్టూ చంద్రుని చుట్టూ వలయం కట్టడం, గాలి దిక్కు మారడం రానున్న తడికి గుర్తులు. ఆ వలయాన్నే మన రైతులు వరదగుడి అని పిలిచి వానకు సూచనగా చెప్పుకుంటారు. ఎత్తున పరచుకొన్న పలుచని మేఘంలోని మంచు పలుకులు వెలుగును వంచడంవల్ల ఏర్పడేది అది. శాస్త్రమూ సామెతా ఇక్కడ ఒకే మాట చెబుతాయి. ఎత్తు కొలిచే గడియారం ఉన్నవారికి మరొక ఆనవాలు దొరుకుతుంది. కదలకుండా ఒకేచోట రాత్రి గడిపినా తెల్లవారేసరికి అది నలభై, యాభై మీటర్ల ఎత్తు పెరిగినట్లు చూపితే, పెరిగినది కొండ కాదు. గాలి ఒత్తిడి పడిపోయిందన్నమాట.

కాని ఇరుకైన లోయలో కనిపించే ఆకాశం ఎంత? నలువైపులా ఏడెనిమిది వేల మీటర్ల గోడలుంటే మేఘం తలపైకి వచ్చేవరకు కనిపించదు. గుర్తులు గంటల వ్యవధి ఇస్తాయి. సూచన రోజుల వ్యవధి ఇస్తుంది. థొరాంగ్ వంటి చోట ఆ తేడాయే బ్రతుకు.

మరి కొండ వాతావరణ సూచనను ఎట్లా చదవాలి? 'వాన పడునా, పడదా' అన్న ఒక్క ప్రశ్న చాలదు. మంచు ఏ ఎత్తునుంచి మొదలవుతుందో ముందు చూడాలి. సున్నా డిగ్రీల మట్టం 4,000 మీటర్ల వద్ద ఉన్నదంటే దాని దరిదాపుల నుంచి పైనున్న దారి అంతా మంచే. ఎంత నీరు అన్నది రెండవది. ఆ అంకెను పదింతలు చేస్తే మంచు లోతు స్థూలంగా తెలుస్తుంది. గాలి వేగం మూడవది. సున్నాకు ఏడు డిగ్రీల దిగువ నిలుకడ గాలిలో ఓర్చుకోదగిన చలియే. గంటకు అరవై కిలోమీటర్ల గాలి తోడైతే అదే చలి వ్రేళ్ళను, ముక్కును కొరికివేస్తుంది. ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందన్నది నాలుగవది. చివరిది, అందరూ మరచేది - ఆ సూచన ఎంత నమ్మదగినది? నేడు వాతావరణ కేంద్రాలు ఒకే లెక్కను చిన్న చిన్న మార్పులతో పదులసార్లు కంప్యూటర్లపై వేస్తాయి. జవాబులన్నీ ఒకే దారిలో ఉంటే నమ్మకం ఎక్కువ, చెదరిపోతే తక్కువ. అంతేకాక, ఈ లెక్కలు భూమిని చదరపు గళ్ళుగా విభజించి చేస్తాయి. ఒక గడిలో శిఖరం, లోయ రెండూ ఉంటే కంప్యూటరుకు కనిపించేది ఆ రెంటి సగటు ఎత్తు. అందువల్ల లోయలోని ఊరికి ఇచ్చిన సూచనను కనుమకు అన్వయించరాదు. ఊరిలో చినుకులు అన్నచోట కనుమపై తుఫాను ఉండవచ్చు.

గాలివాన వెలిసిన మరుసటి ఉదయం మరొక మాయ ఉన్నది. ఆకాశం నీలంగా మెరుస్తుంది, మంచు ధగధగలాడుతుంది, ప్రమాదం తీరిపోయిందనిపిస్తుంది. కాని కొత్త మంచు పాత పొరకు ఇంకా అంటుకోదు. ఎండ తగిలిన కొద్దీ వాలు బరువెక్కి జారడానికి సిద్ధమవుతుంది. పెద్ద మంచు పడిన తరువాతి ఒకటి రెండు రోజులు మంచుచరియలకు ముఖ్యమైన కాలం. నడక ఆపినవారు మరి రెండు రోజులు ఆగడమే తెలివి.

తరువాతి సంవత్సరాలు

2014 దుర్ఘటన తరువాత ముందస్తు హెచ్చరికల ఏర్పాటు అవసరమని నాటి నేపాల్ ప్రధాని సుశీల్ కొయిరాలా అన్నారు. ఆనాటికి ఆ దేశంలో వాతావరణ రాడారు ఒక్కటీ లేదు. తరువాతి కాలంలో సుర్ఖేత్, పాల్పా, ఉదయపుర్ జిల్లాలలో రాడార్లను నెలకొల్పారు. 2023 ఏప్రిల్ నుంచి విదేశీ పాదచారులు అనుమతి పొందిన మార్గదర్శిని వెంటబెట్టుకొని వెళ్ళాలన్న నిబంధన వచ్చింది. సెల్‌ఫోను సంకేతాలు కొండలలో పైపైకి ఎక్కుతున్నాయి. 2025 అక్టోబరు 28న ఆంధ్ర తీరాన్ని దాటిన మొంథా తుఫాను అనంతరం నేపాల్ కొండలలో మళ్ళీ మంచు కురిసింది. ఈసారి కొండలకు పోయేవారిని ఉద్దేశించిన హెచ్చరికలు ముందుగానే వెలువడ్డాయి. పదకొండేళ్ళలో ఇది చిన్న మార్పేమీ కాదు.

అయితే యంత్రం చేయగలిగినది యంత్రం చేస్తుంది. మిగిలినది మనిషి చేతిలో ఉన్నది. తిరుగు విమానపు టిక్కెట్టు, సెలవు గడువు, తోటివారి ముందు చిన్నతనం, ఇంత దూరం వచ్చి వెనుదిరగడమా అన్న పట్టుదల - ఇవన్నీ వాతావరణ సూచనలో కనిపించని గాలులు. అనుభవజ్ఞులైన కొండవారు యాత్రాప్రణాళికలో రెండు మూడు ఖాళీ దినాలు ముందే వ్రాసుకుంటారు. వాన వస్తే ఆగడానికి, రాకపోతే ముక్తినాథ్‌లో విశ్రమించడానికి.

ముక్తి ద్వారం

కనుమకు పడమట, 3,700 మీటర్లు దాటిన ఎత్తున ఉన్న ముక్తినాథ్ తెలుగువారికి కొత్త పేరు కాదు. శ్రీవైష్ణవుల నూట ఎనిమిది దివ్యదేశాలలో సాలగ్రామ క్షేత్రంగా ప్రసిద్ధి పొందినది ఇదే. ఆళ్వారుల పాశురాలు అందుకున్న ఈ కోవెలకు హైదరాబాదునుంచి, తిరుపతినుంచి, గోదావరి తీరాలనుంచి వృద్ధదంపతులు సైతం వెళ్ళివస్తారు. ఆలయం వెనుక అర్ధవృత్తాకారపు గోడలో నూట ఎనిమిది ధారలు పడుతుంటాయి. గడ్డకట్టే ఆ నీటి క్రింద తలవంచి పరుగున దాటడం భక్తులకు వ్రతం. దాపుననే జ్వాలామాయి గుడిలో నేలలోనుంచి వచ్చే సహజవాయువు నీటిచెంత సన్నని నీలిమంటగా వెలుగుతుంది. హిందువులకు, బౌద్ధులకు ఇద్దరికీ అది పూజనీయం. క్రింద కాళీగండకీ నదిలో సాలగ్రామాలు దొరుకుతాయి. హిమాలయం లేవక పూర్వం అక్కడ ఉన్న సముద్రంలో బ్రతికిన జీవుల శిలారూపాలవి. సముద్రం ఈ కొండకు కొత్త చుట్టం కాదు.

మన యాత్రికులలో అధికులు థొరాంగ్ దాటి రారు. పొఖరా నుంచి జోమ్‌సోమ్‌కు విమానంలోనో, నదీలోయ వెంట పోయే మోటారు దారిలోనో వస్తారు. ఆ లోయలో పూట గడిచేసరికి బలమైన గాలి లేస్తుంది గనుక విమానాలు ఉదయమే ఎగురుతాయి; మేఘం అడ్డుపడిన రోజున ఎగరవు. మనవారు నిలదీస్తారు, విసుక్కుంటారు, పైలెట్టును తిడతారు. పెద్దలను వెంటబెట్టుకొని అక్టోబరులో ఆ క్షేత్రానికి పోయేవారు ఒక్క పని చేస్తే చాలు. ప్రయాణానికి ముందు వారం రోజులు బంగాళాఖాతంలో ఏమి జరుగుతున్నదో చూడండి. అక్కడ వాయుగుండం ఉంటే, అది మచిలీపట్నం వద్ద తీరం దాటినా, గోపాల్‌పూర్ వద్ద దాటినా, దాని తేమ ఎటు పోవచ్చునో అడిగి తెలుసుకోండి. అవసరమైతే రెండు రోజులు పొఖరా సరస్సు ఒడ్డున కూర్చోండి. నూట ఎనిమిది ధారలు మూడవ రోజున కూడా పడుతూనే ఉంటాయి.